గుడ్డ కప్పిన బొమ్మలు

బొమ్మని ఒక్కసారిగా చూపించకూడదని మా అమ్మ అనేది. ఆమె సువార్త చెప్పే స్త్రీ. మిషను వాళ్లు ఇచ్చిన పటాల చుట్ట చంకన పెట్టుకుని కృష్ణ కాలవ గట్టు వెంట ఊరూరా తిరిగేది. మూడో తరగతి కాగానే నన్ను బడి మాన్పించి తనతో తిప్పుకుంది. చుట్ట విప్పి కర్రకి తగిలించడం నా పని. తగిలించే ముందే పటం మీద తెల్లగుడ్డ కప్పాలి. ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నాక అమ్మ ఆ గుడ్డని కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా లేపేది. ముందు కాళ్లు కనపడతాయి. ఆ కాళ్లు ఎవరివో చెప్పమనేది. మగవాడివా, ఆడమనిషివా, నిలబడి ఉన్నాయా, పరిగెత్తుతున్నాయా. వాళ్లు ఏదో ఒకటి చెప్పేదాకా గుడ్డ కదిలేది కాదు. మొహం అన్నిటికన్నా ఆఖరు. మొహం కనపడ్డాక ఇక ఎవరూ మిగతాది చూడరని ఆమె నమ్మకం.

ఆ పటాలు ఓడ మీద వచ్చినవి. ఎవరు వేశారో మాకు తెలియదు. గొర్రెల కాపరి పటం తీసినప్పుడు ముందుకొచ్చి కూర్చున్న కూలామె ఒకతె కాళ్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏమమ్మా, ఒక్క పగులూ లేదే. ఈయన గొర్రెలు కాసినాయనేనా?"

"కడుక్కుని వచ్చాడు. రేపు నువ్వూ కడుక్కుని రా" అంది మా అమ్మ.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే గుడ్డ ఇంకో బెత్తెడు లేచింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మ చూడటం నాకు అలాగే వచ్చు. ఇంకోలా రాదు.

నేను అమెరికా వచ్చింది డెబ్బైల ఆఖర్లో. అంతకు ముందు సంవత్సరం మా ఇంటాయన పోయారు. నాకు ఏడుపు రాలేదు. రాలేదని చుట్టాలంతా గమనించారు. కూతురు టిక్కెట్టు పంపితే బస్సెక్కినట్టు విమానం ఎక్కాను. నేపర్‌విల్‌లో వాళ్ల ఇల్లు. కూతురు ఆసుపత్రిలో నర్సు. మధ్యాహ్నం వెళ్లిందంటే పాప పడుకున్నాకే తిరిగి వచ్చేది. అల్లుడు గారు ఇంజనీరు. తెల్లవారుజామున రైలెక్కి షికాగో వెళ్లి దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. మనవరాలికి నాలుగేళ్లు నిండాయి. దాన్ని చూసుకోవడానికే నన్ను రప్పించారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పనికి వచ్చాను కాబట్టి పని చేశాను.

ఆ ఇంట్లో కాగితపు తువ్వాళ్లు ఒకసారి తుడిచి పారేసేవారు. నేను వాటిని కుళాయి మీద ఆరేసి మళ్లీ వాడేదాన్ని. బ్రెడ్డు వచ్చిన సంచుల్ని కడిగి దాచేదాన్ని. కూతురు విసుక్కునేది. విసుక్కోనీ అనుకునేదాన్ని. బయట చూస్తే రోడ్డు మీద మనిషి ఉండడు, కార్లు ఉంటాయి. పొద్దున లేచి కిటికీ తెర తీసినా అదే, సాయంత్రం వేసినా అదే. నాకు బెంగ అని కూడా అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

శనివారాలు అల్లుడు గారు పాపనీ నన్నూ లైబ్రరీ దగ్గర దింపి సామాన్లు కొనడానికి వెళ్లేవారు. మొదటిసారి మాతో లోపలికి వచ్చారు.

"డబ్బు కట్టాలా బాబూ?" అని అడిగాను.

"అక్కర్లేదు అత్తయ్యా. ఫ్రీ."

"ఎందుకు ఫ్రీ?"

"మనం ట్యాక్స్ కడుతున్నాం కదా."

"అయితే ఫ్రీ కాదు. కట్టినదానికి తీసుకోవాల్సిందే."

ఆయన నవ్వారు. ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చని చెప్పారు. నేను లావుగా ఉన్నవి చూసి ఏరి ఇచ్చాను. ఇంటికొచ్చి తెరిస్తే వాటిలో ఒక్క బొమ్మ లేదు. పాప ఏడుపు మొదలెట్టింది. "అమ్మమ్మా, ఇది గ్రోన్-అప్ బుక్స్" అంది. మరుసటి వారం నుంచి తెరిచి చూసి తీసుకోవడం నేర్చుకున్నాను.

ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. పాపకీ అప్పటికి రావు. మా ఇద్దరి ముందూ ఉన్నది బొమ్మ ఒక్కటే. బియ్యం వచ్చిన గుడ్డ సంచి విప్పి, అంచులు కుట్టి, పేజీ మీద కప్పాను. కింది నుంచి లేపాను. "ఈ కాళ్లు ఎవరివి?" అన్నాను. పాప బొటనవేలు నోట్లోంచి తీసి పుస్తకం మీదికి వంగింది. అలా మొదలైంది.

పుస్తకాల పేర్లు మాకు తెలియవు. వేసినవాళ్ల పేర్లూ తెలియవు. గీసిన తీరుని బట్టి పేర్లు మేమే పెట్టుకున్నాం. గీతల తాత అని ఒకాయన. రంగు అనేది లేదు, అంతా నల్లసిరా గీతలే. చెట్ల వేళ్లు ముసలివాళ్ల చేతివేళ్లలాగా కణుపులు కణుపులుగా ఉండేవి. ఆ వేళ్ల సందుల్లో నత్త, జారిపోయిన చెప్పు, కళ్లు మాత్రమే కనపడే జంతువు. గుడ్డ కొంచెం లేపితే చాలు, పాప అక్కడే ఒక పూట గడిపేది. రాత్రి అల్లుడు గారు అట్ట వెనక చదివి, ఆయన ఇంగ్లాండు వాడు, పోయి ఎన్నో ఏళ్లయింది అన్నారు.

"ఆయన దగ్గర కలర్స్ అయిపోయిందా?" అని పాప అడిగింది.

"పొదుపు చేశాడు" అన్నాను.

నాకు ఆ తాత మీద గౌరవం. సిరా ఒక్కటి పెట్టుకుని అడవంతా దింపాడు.

జపాను ఆయన సంగతి వేరు. ఆయన పుస్తకం మొదట తెరిచినప్పుడు అచ్చు చెడిపోయిందనుకున్నాను. పేజీ నిండా తెలుపు. ఇంత కాగితం వృథా చేశాడే అనిపించింది. గుడ్డ కప్పి లేపడం మొదలెడితే కింద ఏమీ లేదు. ఇంకా లేపితే ఏమీ లేదు. "బొమ్మ ఎక్కడ?" అని పాప గుడ్డ లాగబోయింది. చేతి మీద కొట్టాను. "ఆగు." పేజీ సగం దాటాక గొడుగు పట్టుకున్న ఒక చిన్న మనిషి వచ్చాడు. ఆ పైన సన్నని గీతలు, వాన. ఆ మనిషి మొహం కనపడదు, గొడుగు అడ్డం. పాప గొంతు తగ్గించి "ఒక్కడే ఉన్నాడు" అంది. మా అమ్మ చేతిలో ఈ పటం ఉండి ఉంటే ఊరు ఊరంతా నోరు మూసుకుని కూర్చునేది.

రష్యా బొమ్మల చుట్టూ అంచు ఉండేది, చీరకి ఉన్నట్టు. పక్షులూ, పళ్లూ, గుర్రాలూ. కథలో జరగబోయేదంతా ఆ అంచులోనే పెట్టేసేది వాటిని వేసిన ఆవిడ. పాప రెండో పుస్తకానికే కనిపెట్టేసింది. అంచులో తోడేలు ఉందంటే లోపల తోడేలు వస్తుంది. ఆవిడ దగ్గర గుడ్డ కింది నుంచి లేపితే పని జరగదు, పక్క నుంచి జరపాలి. అమెరికా ఆయన ఒకడు, గులాబి బుగ్గలాయన. బూటు లేసు ఊడి ఉండటం, మేజోడుకి కుట్టు, కుక్క తోకకి అంటిన బురద, ఏదీ వదలడు. ఫొటో తీసినట్టే. "ఇది మన స్ట్రీట్!" అని పాప అరిచేది. నిజమే, మన వీధే. కానీ ఆయన దగ్గర నాకు పని ఉండేది కాదు. నేను నోరు తెరిచేసరికే కథ మొత్తం ఆయనే చెప్పేసి ఉండేవాడు.

పారశీక దేశం బొమ్మలు చాలా పాతవి, రాజుల కాలంనాటివి. గోడలు తీసేసి ఇంటిని పైనుంచి చూసినట్టు వేశారు. కింద తోటమాలి, మధ్యలో నీళ్లలో బాతులు, అన్నిటికన్నా పైన రాజు. దూరంగా ఉన్నాడని రాజుని చిన్నగా వెయ్యలేదు, దగ్గరున్నాడని తోటమాలిని పెద్దగా వెయ్యలేదు. బందరు అద్దకం దుప్పట్ల మీద చెట్లూ దానిమ్మపళ్లూ అలాగే ఉండేవి. పాప వాటిని చాలాసేపు చూసి, "షాడో లేదు అమ్మమ్మా" అంది. నేను అప్పటిదాకా చూడలేదు. నిజంగా ఎవరికీ నీడ లేదు.

ఊరి నుంచి అప్పుడప్పుడు వచ్చే వారపత్రికల్లో కథలకి వేసే బొమ్మలు కూడా గుడ్డ కింద పెట్టి చూశాం. "అందరూ సేమ్ పర్సన్" అంది పాప. అదే ముక్కు, అదే జడ.

"వారం వారం గీయాలి. ఎన్ని మొహాలని తెస్తాడు?" అన్నాను.

ఒకసారి లైబ్రరీ ఆవిడ, మాకు బొమ్మలంటే ఇష్టమని చూసి, పెద్దవాళ్ల అరలోంచి ఒక పుస్తకం తెచ్చి ఇచ్చింది. చెక్క మీద చెక్కి నల్లగా అచ్చు వేసిన బొమ్మలు. జర్మనీవి అని తరవాత తెలిసింది. గుడ్డ లేపితే ముందు మోకాళ్లు వచ్చాయి. ఆ పైన ఎముకలు తేలిన పెద్ద చెయ్యి. ఆ చెయ్యి మొహాన్ని కప్పేసింది. ఒడిలో ఏదో మూటలాంటిది, పిల్లో కాదో తెలియదు. పాప దాన్ని చూసి నన్ను చూసింది. "అమ్మమ్మా, ఇది నువ్వు" అంది. నేను పుస్తకం మూసేశాను. మరుసటి శనివారం తిరిగి ఇచ్చేశాను.

ఇలా రెండేళ్లు పైన గడిచింది. పాపకి తెలుగు బాగా వచ్చింది. నా మాటలే వచ్చాయి, "నోరు ముయ్", "వృథా చెయ్యకు" లాంటివి. వాళ్లమ్మ నవ్వేది. ఒక పుస్తకం మళ్లీ తెస్తే, పోయినసారి నేను చెప్పిన కథే చెప్పాలి, ఒక్క ముక్క మారినా ఒప్పుకునేది కాదు. ఆ పుస్తకంలో అచ్చు అయిన కథ ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు.

అప్పుడు పాప ఒకటో తరగతిలో చేరింది.

అక్కడ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతా పుస్తకం చదివిస్తారట. పాప వంతు వచ్చినప్పుడు అది స్వెట్టరు విప్పి పేజీ మీద కప్పింది. కింది నుంచి లేపింది. తరవాత కథ చెప్పింది, పుస్తకంలో ఉన్నది కాదు, మాది. టీచరు స్వెట్టరు తీసేయించి, చదవమని అక్షరాలు చూపించింది. పాప అక్షరాల మీద చెయ్యి పెట్టి మళ్లీ కథ చెప్పింది. ఇది ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది. మాకెవరికీ తెలియదు. పాపకి అది తప్పని తెలిస్తేగా ఇంట్లో చెప్పడానికి.

స్కూలు నుంచి ఫోను వచ్చింది. కూతురూ అల్లుడు గారూ లీవు పెట్టి వెళ్లారు. తిరిగొచ్చాక కూతురు కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది.

"ఏమన్నారు?" అన్నాను.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఇద్దరూ లీవు పెట్టి ఎందుకు వెళ్లారు?"

అల్లుడు గారు చెప్పారు. "స్వెట్టర్ కప్పిందట అత్తయ్యా, బుక్ మీద. ఈ కాళ్లు ఎవరివో చెప్పండని క్లాసులో పిల్లల్ని అడిగిందట."

"చెప్పారా?"

"ఎవరు?"

"పిల్లలు."

ఆయనకి నవ్వు వచ్చింది. కూతురు ఆయన వంక చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నవ్వే మ్యాటర్ కాదమ్మా. వర్డ్స్ చూడట్లేదట. పిక్చర్ చూసి గెస్ చేస్తోందట. రెండు భాషలు కలిసి కన్‌ఫ్యూజ్ అవుతోంది అన్నారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు."

"కొన్నాళ్లే అత్తయ్యా" అన్నారు అల్లుడు గారు. "స్ప్రింగ్‌లో మళ్లీ టెస్ట్ చేస్తారు."

"అందులో పాస్ కాకపోతే?"

ఆయన కూతురి వంక చూశారు. కూతురు చెప్పింది. "ఫస్ట్ గ్రేడ్ రిపీట్ చేయాలి. అప్పటికీ రాకపోతే వేరే క్లాసులో వేస్తారు. అందులో వేస్తే మళ్లీ మామూలు క్లాసుకి రావడం కష్టం."

చదువు ఆగిపోతే ఏమవుతుందో ఆ వంటింట్లో ఉన్న ముగ్గురిలో నాకొక్కదానికే తెలుసు. మందు సీసా మీద ఏం రాసి ఉందో ఎవరినో అడగాలి. విమానంలో మరుగుదొడ్డి తలుపు ఏదో అడగాలి. అడిగినప్పుడల్లా అవతలి మనిషి గొంతు పెంచి మాట్లాడతాడు, చెవుడు ఉన్నదానితో మాట్లాడినట్టు.

"అయితే నేను దాంతో మాట్లాడను" అన్నాను.

"అలా అని కాదమ్మా. చిన్న చిన్నవి ఇంగ్లీషులో చెప్పొచ్చు. కమ్, ఈట్, స్లీప్..."

"కుక్కతో మాట్లాడినట్టు మాట్లాడను. నాకు వచ్చింది ఒకటే భాష. అది వద్దంటే వద్దు. మీరు మళ్లీ నాకు గుర్తు చేయక్కర్లేదు."

"కోపమా అమ్మా?"

"కోపం ఎందుకు? పిల్ల చదువు."

నిజంగానే కోపం లేదు. అన్నం వార్చాను. పొయ్యి కట్టేశాను.

నెలకోసారి తెలుగువాళ్లంతా ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో ప్రార్థనకి కలిసేవాళ్లం. అక్కడ కూతురు ఈ సంగతి చెబితే ఒక డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మంచి పని చేశారు పిన్నిగారూ. మావాడికీ అదే చెప్పారు, మేమూ తెలుగు ఆపేశాం. ఇప్పుడు చూడండి, స్పెల్లింగ్‌లో వాడే ఫస్ట్. ఏరా, పిన్నిగారికి హాయ్ చెప్పు."

"హాయ్ ఆంటీ" అని ఆ అబ్బాయి వెళ్లిపోయాడు.

వాళ్ల నాయనమ్మ మేజోళ్ల మీద చెప్పులు వేసుకుని మూల కుర్చీలో ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీవాళ్లూ ఆపేశారా?" అంది.

"నేనే ఆపాను."

"ఎవరాపినా అంతే. టీవీ పెట్టుకోండి. మనుషులు కదులుతుంటారు."

"అర్థం కావద్దూ?"

"అర్థం కావడం దేనికి? కదిలితే చాలు" అని ఆవిడ పాటల పుస్తకం తెరిచి పేజీ వెతుక్కుంది.

మొదటి వారం పాపకి నమ్మకం కుదరలేదు. పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "చెప్పు అమ్మమ్మా" అనేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "చెప్పు." మళ్లీ ఊపేదాన్ని. వాళ్లమ్మ వచ్చి ఇంగ్లీషులో సర్దిచెప్పేది. ఒకరోజు పాప రెండు చేతులతో నా మొహం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "యూ నో ఇట్!" అని అరిచింది. నాకు తెలుసు అని దాని అర్థం. అది నాకు అర్థమైంది. నేను మాట్లాడలేదు. ఒకసారి మాట్లాడితే ఇక రోజూ మాట్లాడాల్సి వస్తుంది. మాట ఇచ్చాక ఇచ్చినట్టే ఉండాలి. తరవాత అది అడగడం మానేసింది.

ఆ గుడ్డని గిన్నెలు తుడవడానికి వాడాను. చలికాలం అయ్యేలోగా చిరిగిపోయింది.

శనివారాలు మాత్రం మానలేదు. పాప సోఫాలో నా పక్కనే కూర్చుని పైకి చదివేది. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి, తడబడి, మళ్లీ మొదలుపెట్టి. వేలు ఎడమ నుంచి కుడికి వెళ్లేది. కళ్లు వేలితో పాటే వెళ్లేవి. బొమ్మ దగ్గరికి వచ్చేవి కావు. నేను బొమ్మని చూసేదాన్ని, అది అక్షరాల్ని చూసేది. ఒకే పుస్తకం, ఒకే పేజీ.

పగలు అది స్కూలుకి వెళ్లాక, పని అయిపోయాక, నేనొక్కదాన్నే ఆ పుస్తకాలు తెరిచేదాన్ని. టీవీ నాకు పడలేదు. ఒక మధ్యాహ్నం గీతల తాత పుస్తకంలో ఒకటి చూశాను. ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒక మూల చిన్న ఎలుక ఉంది. బల్ల కింద, బూటులో, చెట్టు తొర్రలో. కథలో ఎవరికీ అది అక్కర్లేదు. ఎవరూ దానివైపు చూడరు. ఆఖరి బొమ్మలో అందరూ విందులో కూర్చుని ఉంటే అది గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోతోంది, తోక మాత్రం లోపల ఉంది. పుస్తకం ఎన్నిసార్లు ఇంటికి తెచ్చామో, మేమిద్దరం దాన్ని ఎప్పుడూ చూడలేదు. మళ్లీ మొదటి నుంచి తిప్పాను. ఉంది, అన్నిట్లో ఉంది. బయట మంచు పడుతోంది. పాప బస్సు రావడానికి ఇంకా టైం ఉంది. వచ్చింది. దాని కోటు విప్పాను, బూట్లు తుడిచాను, పాలు ఇచ్చాను. మాట గొంతు దాకా వచ్చింది. పాప పాలు తాగి బ్యాగు తీసుకుని పైకి వెళ్లిపోయింది. మాట కిందికి దిగిపోయింది. అది పెద్ద బాధ ఏమీ కాదు. దాహం వేసినప్పుడు తాగకపోతే కాసేపటికి దాహమే పోతుంది, అలాంటిది.

పుస్తకం గడువు అయిపోతే తిరిగి ఇచ్చేశాం.

చలికాలం పోతూ ఉండగా పాప చదువు సాఫీ అయింది. ముందు వేలు పోయింది. తరవాత పైకి చదవడం పోయింది. నోరు కదలకుండా లోపలే చదివేది, పేజీలు చకచకా తిరిగేవి. లైబ్రరీలో ఇంకో వైపు అరల దగ్గరికి వెళ్లడం మొదలెట్టింది. అక్కడి పుస్తకాల్లో ఎక్కడో ఒక బొమ్మ ఉండేది, అదీ చిన్నది. నేను పాత అరల దగ్గరే చిన్నపిల్లల బల్ల ముందు కూర్చునేదాన్ని. లైబ్రరీ ఆవిడ కొత్తవి వస్తే నా ముందు పెట్టి వెళ్లేది. కాగితాలు కత్తిరించి అతికించే ఒకాయన, రంగుని నీళ్లలో వదిలేసి అది ఎటు పారితే అటు పోనిచ్చే ఒకావిడ. చూసేదాన్ని. వాళ్లకి పేర్లు పెట్టలేదు.

పరీక్ష అయింది. ఆ సాయంత్రం కూతురు ఆసుపత్రి నుంచి ఫోను చేసింది.

"అమ్మా, పాస్. వాళ్ల క్లాసు లెవెల్ కంటే పైన చదువుతోందట. సెకండ్ గ్రేడ్‌కి వెళ్తుంది."

"మంచిది" అన్నాను.

"అంతేనా?"

"ఇంకేం అనాలి? మంచిదేగా. అన్నం తిన్నావా?"

పాస్ అయ్యాక కూడా మళ్లీ తెలుగు మొదలెట్టమని ఎవరూ అనలేదు. అలవాటైపోయింది. ఇంట్లో వాళ్లు ముగ్గురూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు, నాతో మాట్లాడాల్సి వస్తే కూతురూ అల్లుడు గారూ తెలుగులోకి వచ్చి మళ్లీ వెళ్లిపోయేవారు. పాప నాతో చేతులతో మాట్లాడేది. ఆకలైతే పొట్ట మీద చెయ్యి, వద్దంటే తల. నేనూ అంతే. పని జరిగిపోయేది. తెలుగు మాట వినపడితే అది ఇక తల కూడా ఎత్తేది కాదు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం కూతురు ముందు రాత్రి డ్యూటీ చేసి వచ్చింది. నిద్రపోకుండా లైబ్రరీ నుంచి తెచ్చిన పెద్ద బొమ్మల పుస్తకం తీసుకుని సోఫా మధ్యలో కూర్చుంది. పాపని ఒక పక్కన కూర్చోబెట్టుకుంది. నన్ను పిలిచి ఇంకో పక్కన కూర్చోమంది.

"ఇవాళ నువ్వు చెప్పమ్మా" అంది. "ఎప్పట్లాగే. ఇంక పర్లేదు. టీచర్ కూడా ఇప్పుడేం అనదు."

"చెప్పమంటావా?"

"చెప్పు. నాకూ వినాలని ఉంది. నా చిన్నప్పుడు నాకు ఎప్పుడైనా చెప్పావా?"

చెప్పలేదు. అప్పుడు పొలం పని ఉండేది.

పుస్తకం కూతురి ఒళ్లో ఉంది. సముద్రం బొమ్మ. నీళ్ల రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారి ఆకాశమేదో నీళ్లేవో తెలియకుండా ఉన్నాయి. మధ్యలో పడవ. పడవలో ఒకామె వెనక్కి తిరిగి చూస్తోంది.

"ఈమె ఒడ్డున ఏదో మర్చిపోయింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "వెనక్కి తిప్పమని అడుగుదామంటే పడవ నడిపేవాడికి ఈమె మాట తెలియదు."

పాప నా నోటి వైపు చూసింది. మర్యాదగా చూసింది, ప్రార్థనలో తెలియని పెద్దవాళ్లు పలకరిస్తే చూసినట్టు. తరవాత వాళ్లమ్మ చెయ్యి లాగింది.

"మామ్, వాట్ ఈజ్ షీ సేయింగ్?"

కూతురు నావైపు చూసింది. తరవాత ఇంగ్లీషులో చెప్పింది. నేను చెప్పినదానికంటే పొట్టిగా ఉంది. పాప తల ఊపింది. "ఓకే" అంది.

"చెప్పమ్మా" అంది కూతురు. "నేను చెబుతాగా దానికి."

పేజీ తిప్పాను. పడవ చిన్నదైంది. "అయినా ఈమె అడిగింది. అతను ఈమెకి దాహం వేస్తోందనుకుని నీళ్లిచ్చాడు" అన్నాను. కూతురు ఇంగ్లీషులో చెప్పింది. పాప కొంచెం నవ్వింది. ఇంకో పేజీ. నేను చెప్పాను, కూతురు చెప్పింది. ఆమె మాటలు మెల్లబడ్డాయి, మధ్యలో తెగాయి. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి. నాలుగో పేజీ దగ్గర నేను చెప్పడం అయిపోయి చూస్తే కూతురి తల సోఫా మీదికి వాలిపోయి ఉంది. కళ్లు మూతపడ్డాయి. నోరు కొంచెం తెరుచుకుంది.

పుస్తకం ఆమె ఒళ్లో అలాగే ఉంది. పాప నావైపు చూసింది. నేను పాప వైపు చూశాను. నేను చివర చెప్పింది దానికి అందలేదు. చెప్పేవాళ్లు లేరు. లేపుదామా అన్నట్టు పాప వాళ్లమ్మ భుజం వైపు చెయ్యి చాపింది. నేను తల అడ్డంగా ఊపాను. అది చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపు ఆ బొమ్మ వైపే చూసింది, అక్షరాలున్న వైపు కాదు. తరవాత వాళ్లమ్మకి మెలకువ రాకుండా నెమ్మదిగా పేజీ తిప్పి, నేను చూడటం అయ్యేదాకా ఆగింది.